కడగని రీలు

మా నాన్నగారు పోయిన మూడేళ్ళకు గాని ఆయన ట్రంకుపెట్టెను పూర్తిగా సర్దే ధైర్యం నాకు కలుగలేదు. శిస్తు రసీదులు, నష్టపరిహారం కోసం పెట్టుకున్న అర్జీల నకళ్ళు, రెండు పంచాంగాలు తీసి పక్కన పెట్టగా, అడుగున తోలు తొడుగులో ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా, దాని పక్కనే ఒక పాత పౌడరు డబ్బా కనిపించాయి. డబ్బాలో ఒక 120 రీలు ఉంది. రీలు చివర గమ్ముకాగితం అంటించి ఉంది. అంటే బొమ్మలు తీయడం పూర్తయింది, కడిగించడం మాత్రం జరగలేదన్నమాట. డబ్బా మూతమీద నాన్నగారి చేతివ్రాతలో రెండే మాటలు: "ఊరు, 81".

ఆ ఊరు ఇప్పుడు లేదు. శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో మునిగిపోయిన వంద దాకా ఊళ్ళలో అదీ ఒకటి. 1981 వేసవిలో ఆ ఊళ్ళను ఖాళీ చేయించారు. నదీసంగమం దగ్గరి సంగమేశ్వరాలయం నీళ్ళు తగ్గినప్పుడల్లా మళ్ళీ బయటపడుతుంది గనుక అందరికీ గుర్తుంది. కూడవెల్లి సంగమేశ్వరుణ్ణి రాయి రాయిగా విప్పి అలంపురానికి తరలించి నిలబెట్టారు. కాని మట్టిమిద్దెలను ఎవరు తరలిస్తారు? మా ఇంటి ఫోటో ఒక్కటి కూడా మా దగ్గర లేదు. పెళ్ళిళ్ళలో స్టూడియోవాళ్ళు తీసిన బొమ్మలలో మనుషులు ఉన్నారు గాని, వెనుక కనిపించేదంతా కట్టిన గుడ్డే.

మా మేనత్తకు ఎనభై దాటాయి. రీలు సంగతి చెప్పగానే ఆమె అడిగిన మాట ఒక్కటే: "మన ఇల్లు ఉంటాదా నాయనా దాంట్లో?"

ఆ ప్రశ్నకు జవాబు వెదుకుతూ, నలభై ఏళ్ళు దాటిన ఫిల్ముమీద బొమ్మ ఏమైనా మిగులుతుందా అని పుస్తకాలు తిరగవేయడం మొదలుపెట్టాను. అలా వెళ్ళి వెళ్ళి ఉత్తరధ్రువం దగ్గర తేలాను.

*

1897 జూలై 11వ తేదీన ముగ్గురు స్వీడిష్ యువకులు స్వాల్బార్డ్ ద్వీపసమూహంలోని డాన్స్‌కోయా అనే దీవినుంచి హైడ్రోజను నింపిన బెలూనులో ఉత్తరధ్రువానికి బయలుదేరారు. నాయకుడు సాలమన్ ఆగస్ట్ ఆంద్రే, నలభైరెండేళ్ళ ఇంజనీరు. యువకులు అన్న మాట ఆయనకు కొంచెం వదులుగానే సరిపోతుంది. క్నుట్ ఫ్రెంకెల్‌కు ఇరవయ్యేడు. నిల్స్ స్ట్రిండ్‌బెర్గ్‌కు ఇరవైనాలుగు. స్ట్రిండ్‌బెర్గ్ భౌతిక రసాయన శాస్త్రాలు చదివినవాడు, ఫోటోగ్రఫీలో చేయితిరిగినవాడు, అప్పటికే అన్నా షార్లియే అనే అమ్మాయితో నిశ్చితార్థం అయినవాడు. ఈ సాహసానికి డబ్బిచ్చినవారిలో ఆల్ఫ్రెడ్ నోబెల్, స్వీడను రాజు రెండవ ఆస్కార్ ఉన్నారు. బెలూను పేరు "ఓర్నెన్", అంటే మన భాషలో గరుడపక్షి.

గరుడపక్షికి ఆరంభంలోనే రెక్క విరిగింది. నేలమీద ఈడ్చుకుంటూ వచ్చే బరువైన మోకుల సాయంతో బెలూనుకు దిశ చూపవచ్చునని ఆంద్రే లెక్క. ఎగిరిన కొద్ది నిమిషాలలోనే ఆ మోకులలో చాలా భాగం ఊడి జారిపోయింది. సముద్రంలో పడకుండా ఉండడానికి ఇసుకబస్తాలు పారవేశారు. బరువు తగ్గి బెలూను అనుకున్నదానికంటె చాలా ఎత్తుకు లేచింది. అక్కడ గాలి ఒత్తిడి తక్కువ, బెలూను గుడ్డ కుట్లలో సన్నని రంధ్రాలు లెక్కలేనన్ని. హైడ్రోజను కారిపోసాగింది. పది గంటలకు పైగా స్వేచ్ఛగా ఎగిరిన బెలూను, తర్వాత నలభై గంటలు మంచుమీద కొట్టుకుంటూ పోయి, జూలై 14న సముద్రంమీది మంచుగడ్డపై శాశ్వతంగా దిగిపోయింది. వారు వదిలిన పావురాలలో ఒకటి మాత్రం ఒక నార్వే ఓడ చేతికి చిక్కింది. జూలై 13న వ్రాసిన ఆ చీటీలో అందరూ క్షేమం అని ఉంది. ఆ తర్వాత ముప్పైమూడేళ్ళు వారి జాడ లేదు.

స్ట్రిండ్‌బెర్గ్ వెంట ఏడు కిలోల బరువున్న కెమెరా ఒకటి ఉంది. ఆకాశంనుంచి ధ్రువప్రాంతాన్ని చిత్రించి పటాలు తయారు చేయడానికి ప్రత్యేకంగా సిద్ధం చేసిన యంత్రం అది. ఆకాశయాత్ర ముగిసిపోయింది గనుక, అది నేలకు దిగింది. నేల అనడం కూడా తప్పే, కాళ్ళకింద ఉన్నది కదిలే మంచు. వారు దక్షిణంగా నడిస్తే మంచు మరొక దిక్కుకు కొట్టుకుపోయేది. బళ్ళు లాగుతూ, ఎలుగుబంట్లను వేటాడి తింటూ దాదాపు మూడు నెలలు గడిపారు. ఒక్కొక్క కిలో బరువూ ప్రాణాంతకమైన ఆ ప్రయాణంలో స్ట్రిండ్‌బెర్గ్ కెమెరాను వదలిపెట్టలేదు. సుమారు రెండువందల ఫోటోలు తీశాడు. సెప్టెంబరు 4న అతని ఇరవయ్యైదవ పుట్టినరోజు. ఆనాడు ఆంద్రే అతన్ని నిద్ర లేపి, అంతవరకు దాచి ఉంచిన అన్నా ఉత్తరాలను చేతికిచ్చాడు. అక్టోబరు మొదట్లో వారు నివసిస్తున్న మంచుగడ్డ పగిలింది. 5వ తేదీన క్విటోయా, అంటే తెల్ల దీవి, ఒడ్డుకు చేరారు. కొద్ది రోజులలోనే ముగ్గురూ మరణించారు. స్ట్రిండ్‌బెర్గ్‌ను ఒక రాతి పగులులో పాతిపెట్టి ఉండడంవల్ల, ముందు పోయినవాడు అతడేనని తెలుస్తున్నది.

1930 ఆగస్టులో గునార్ హోర్న్ అనే భూగర్భశాస్త్రవేత్త నాయకత్వంలో వచ్చిన నార్వే ఓడ "బ్రాత్వాగ్" ఆ దీవి దగ్గర ఆగింది. దాహమై నీళ్ళకోసం వెదుకుతున్న ఇద్దరు నావికులకు మంచులోనుంచి బయటపడిన పాత వస్తువులు కనిపించాయి. మంచుదిబ్బలో ఒక పడవ, అందులో ఆంద్రే యాత్ర పేరు చెక్కి ఉన్న పడవకొక్కెం. సెప్టెంబరులో పత్రికలవారు పంపిన "ఇస్బ్యోర్న్" అనే మరొక ఓడ వచ్చింది. క్నుట్ స్టుబెన్‌డోర్ఫ్ అనే విలేఖరి బృందం మళ్ళీ వెదకగా ఫ్రెంకెల్ దేహమూ, మరికొన్ని వస్తువులూ దొరికాయి. వాటిలో ఒక రేకు డబ్బా, దానిలో స్ట్రిండ్‌బెర్గ్ ఫిల్ములు. తీసినవి, కడగనివి.

*

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పుకోక తప్పదు.

ఫిల్ముమీద పూసిన జెలటిన్ పొరలో వెండి లవణపు స్ఫటికాలు ఉంటాయి. కెమెరా కన్ను తెరుచుకున్న ఆ లిప్తపాటులో వెలుగు తగిలిన స్ఫటికంలో ఎలక్ట్రాన్లు విడుదలై, వెండి అయానులను ఒకచోటికి చేర్చి, అతి సూక్ష్మమైన వెండి నలుసును ఏర్పరుస్తాయి. నాలుగైదు అణువులున్న నలుసు చాలు, ఆ స్ఫటికానికి వెలుగు ముద్ర పడినట్టే. ఈ ప్రక్రియకు గర్నీ, మాట్ అనే శాస్త్రవేత్తలు 1938లో సిద్ధాంతం చెప్పారు. కాని కంటికి ఏమీ కనిపించదు. దీనినే గుప్తబింబం అనవచ్చు. డెవలపరు ద్రావణంలో ముంచినప్పుడు ముద్ర పడిన స్ఫటికం మొత్తంగా నల్లని వెండిగా మారుతుంది. ముద్ర పడనిది అలాగే ఉంటుంది. ఆ నాలుగణువుల సంకేతం దాదాపు వందకోట్ల రెట్లు పెరుగుతుంది. 1840లో ఇంగ్లండులో టాల్బట్ ఈ గుప్తబింబ రహస్యాన్ని కనిపెట్టేదాకా, ఆయన కాగితంమీద బొమ్మ కంటికి కనబడేంతవరకు కెమెరాను ఎండలో అలాగే నిలిపి ఉంచేవాడు. తర్వాత నిలిపి ఉంచవలసినది బొమ్మనే అయింది. తీయడం ఒకనాడు, చూడడం మరొకనాడు.

ఆ రెండు రోజుల మధ్య ఎడం ఎంత ఉండవచ్చును? నలుసు స్థిరమైనదేమీ కాదు. తేమ, ప్రాణవాయువు దానిని కొరుక్కు తింటాయి. బొమ్మ మెల్లగా చెరిగిపోతుంది. మరొకవంక వేడివల్లనూ, ప్రకృతిలో సహజంగా ఉండే వికిరణంవల్లనూ వెలుగు తగలని స్ఫటికాలు కూడా మొలకెత్తి, కడిగినప్పుడు నల్లబడతాయి. ఫోటోగ్రాఫర్లు దానిని ఫాగ్ అంటారు. మన మాటలో మసక. అంటే, చెప్పవలసిన గొంతు తగ్గిపోతుంది, చుట్టూ గోల పెరిగిపోతుంది. ఈ రెంటినీ ఆలస్యం చేయగలిగినది చలి ఒక్కటే.

క్విటోయా మంచు ఆ పని చేసింది. ఐతే ఫిల్ములకు తడి తగిలింది, పొరలు దెబ్బతిన్నాయి. స్టాక్‌హోమ్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఫోటోగ్రఫీ బోధించే జాన్ హెర్ట్స్‌బెర్గ్‌కు వాటిని అప్పగించారు. ఆయన ముందున్న ఇబ్బంది ఊహించండి. ప్రపంచంలో ఆ ఫిల్ములు మరొక ప్రతి లేనివి. ద్రావణం ఎక్కువసేపు పనిచేస్తే అంతా నలుపు, తక్కువసేపు పనిచేస్తే అంతా తెలుపు. నానిన జెలటిన్ ఊడిపోతే అదీ లేదు. పురావస్తు తవ్వకంలో పొరను తీసిన తర్వాత తిరిగి పరవలేనట్టే, కడగడం కూడా ఒక్కసారే జరుగుతుంది. లెక్కప్రకారం ఆ డబ్బాలలో 240 ఫ్రేములు ఉండవచ్చు. హెర్ట్స్‌బెర్గ్ 93 ఫ్రేములను దక్కించాడు.

వాటిలో ఒకటి మీరు చూసే ఉంటారు. మంచుమీద పక్కకు ఒరిగి పడిపోయిన బెలూను, దానిముందు నిలబడి దానివైపు చూస్తున్న ఇద్దరు మనుషులు. చిత్రమంతా మచ్చలు, మరకలు. మంచు ఎక్కడ ముగుస్తుందో ఆకాశం ఎక్కడ మొదలవుతుందో తెలియదు. ఆ మచ్చలలో ఏవి 1897నాటి వాతావరణమో, ఏవి తర్వాతి ముప్పైమూడేళ్ళు ఫిల్ముమీద చేసిన సంతకమో విడదీయడం కష్టం. ఆకాశంనుంచి ధ్రువాన్ని చూడడానికి తెచ్చిన కెమెరా, చివరికి ఆకాశంనుంచి పడిపోయినదానిని చూపించింది.

ఆ చిత్రాలు చెప్పనిది కూడా ఒకటి ఉంది. ఆ ముగ్గురూ ఎలా చనిపోయారు? తినడానికి ఆహారం, కాల్చడానికి తూటాలు వారి దగ్గర ఉన్నాయి. 1952లో ఎర్నెస్ట్ ట్రీడె అనే వైద్యుడు, వారు తిన్న ఎలుగుబంటి మాంసపు అవశేషాలలో ట్రైకినెల్లా అనే పరాన్నజీవి ఉన్నదని చూపి, అదే కారణమన్నాడు. ఇతరులు వేరే కారణాలు చెప్పారు. వాదన తెగలేదు. 1930లో ఆ దేహాలు స్టాక్‌హోమ్ చేరినప్పుడు దేశమంతా వీరులకు చేసే మర్యాద చేసింది. ఒక తరం గడిచాక, 1967లో పేర్ ఊలోఫ్ సుండ్‌మన్ తన నవలలో, విఫలమవుతుందని తెలిసీ బయలుదేరక తప్పని మనుషులుగా వారిని చూశాడు. ఫోటోలు మారలేదు. చూసే కళ్ళు మారాయి.

అన్నా షార్లియే తర్వాత ఒక ఆంగ్లేయుణ్ణి వివాహమాడింది. 1949లో మరణించింది. ఆమె కోరిక ప్రకారం ఆమె గుండెను వెండి పెట్టెలో ఉంచి నిల్స్ సమాధి దగ్గర పాతిపెట్టారు. వెండి లవణాలలో అతను మిగిలిపోయినట్టే ఆమె వెండి పెట్టెలో మిగిలిపోయిందని అనాలనిపిస్తుంది గాని, అలా అనడం నా చాపల్యమే. ఆమె బ్రతికి ఉండగానే ఆ చిత్రాలు వెలుగు చూశాయన్నది మాత్రం చరిత్ర.

*

అన్ని రీళ్ళకూ ఆ అదృష్టం లేదు. 1924 జూన్ 8న ఎవరెస్టు శిఖరంవైపు నడుస్తూ కనిపించకుండా పోయిన జార్జి మాలరీ, ఆండ్రూ ఇర్విన్‌ల వెంట చిన్న కోడాక్ కెమెరా ఒకటి ఉన్నది. వారు శిఖరం చేరారో లేదో అది చెప్పగలదేమోనని నూరేళ్ళుగా ఆశ. 1999లో మాలరీ దేహం దొరికింది, కెమెరా దొరకలేదు. 2024లో ఇర్విన్ బూటు, దానిలోని పాదం బయటపడ్డాయి. అప్పుడూ కెమెరా లేదు.

దీనికి తలకిందులైన కథ షికాగోలో పిల్లలను ఆడించే ఆయాగా బ్రతికిన వివియన్ మేయర్‌ది. 1926లో పుట్టి, 2009లో పోయింది. వీధులలో తిరుగుతూ వేలకు వేలు ఫోటోలు తీసి ఎవరికీ చూపలేదు. వందల రీళ్ళు కడిగించను కూడా లేదు. అద్దె కట్టక వేలానికి వచ్చిన ఆమె సామానులో అవి 2007లో బయటపడ్డాయి. ఇప్పుడు ఆమె పేరు ప్రపంచమంతా తెలుసు. ఐతే ఆమె కథ చదివినప్పుడు నాకు ఒక సంకోచం కలిగింది. కడిగించకపోవడం డబ్బు లేకనా, మరపుచేతనా, లేక ఇష్టం లేకనా? నాన్నగారు ఇరవయ్యేళ్ళు కర్నూలులో, నాలుగు ఫోటో స్టూడియోలున్న వీధిలోనే కాపురం ఉన్నారు. కావాలనుకుంటే ఒక్క పూట పని. ఎందుకు చేయించలేదు?

*

ఒకప్పుడు స్టూడియో నడిపి, ఇప్పుడు విశ్రాంతిగా ఉన్న ఒక పెద్దాయన దగ్గరకు రీలు తీసుకుపోయాను. ఆయన గమ్ముకాగితం చూసి, "ఇందు ఫిల్ము" అన్నారు. ఊటీలో 1960లో స్థాపించి తరువాత మూతపడిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి సరుకు. "మంచులో పెట్టింది కాదు గదా నాయనా ఇది. నలభై కర్నూలు ఎండాకాలాలు తిన్నది. ఆశ పెట్టుకోవద్దు," అన్నారు.

ఆయన ఒక షరతు పెట్టారు. ముందు ఒక ముక్క కత్తిరించి కడిగి చూడాలి. ఎంత మసక ఉందో తెలిస్తే, మిగిలినదానికి కొలత దొరుకుతుంది. పన్నెండు బొమ్మలలో ఒకటి బలి. రీలు పైచుట్టలో ఉండేది చివరి బొమ్మ, గాలీ వేడీ ఎక్కువ తగిలేదీ అదే. చివరిగా నాన్నగారు దేనిని చూశారో అది పోతుంది. నేను సరేనన్నాను. ఆ సరే అనడానికి ఒక రాత్రి పట్టింది.

హెర్ట్స్‌బెర్గ్ కాలంనాటి ఫిల్ములు సాధారణంగా ఎరుపు వెలుగుకు స్పందించవు. మా రీలు అన్ని రంగులకూ స్పందించేది, కనుక కటికచీకటిలోనే పని. ఆ ముక్క దాదాపు బొగ్గులా వచ్చింది. దీపానికి ఎదురుగా పట్టుకుంటే ఒక మూల ఏదో గీత, చెట్టుకొమ్మ కావచ్చు. పెద్దాయన తల పంకించి, డెవలపరులో మసకను అణచే బెంజోట్రయజోల్ మరికొంత కలిపారు, ఐసుముక్కలతో ద్రావణాన్ని చల్లార్చారు. తర్వాత తలుపు వేసి, రీలును రెండు చేతులా రెండు కొసలు పట్టుకొని, పాతకాలపు పద్ధతిలో ట్రేలోకి పైకీ కిందికీ ఆడించారు. చీకటిలో నాకు వినిపించింది నీటి చప్పుడొక్కటే. మా ఊరు రెండవసారి నీటిలో మునుగుతున్నదని ఆ క్షణంలో నాకు తోచింది. హైపోలో పడిన తరువాత ఆయన దీపం వేశారు.

పదకొండింటిలో ఐదింటిమీద బొమ్మ నిలిచింది. ఒకదానిలో వెనుక కాగితంమీది అంకె ఫిల్ములోకి దిగి, ఆకాశంలో పెద్ద ఆరు అంకె తేలుతున్నది. రెండింటిలో ఎడ్లబండ్లు, వాటిమీద తలుపులు, దూలాలు, గాదెపలకలు. ఒకదానిలో ఎవరో వెనుదిరిగి నిలబడ్డ మనిషి. ఇంకొకదానిలో ఒక మొండిగోడ.

ప్రింట్లు మేనత్త చేతిలో పెట్టాను. మొండిగోడ చూసి, "ఇది మన ఇల్లు గాదు," అని పక్కన పెట్టింది. నేనేమీ అనలేదు. కాసేపటికి మళ్ళీ తీసుకుంది. కళ్ళద్దాలు తుడుచుకుంది. వాకిలి ఉండవలసిన చోట ఖాళీ, దాని కుడిపక్క గోడలో చిన్న గూడు. ఆ గూటిమీద వేలు పెట్టింది.

"దీపం గూడు. నేనే పెడుతుంటి రోజూ," అంది. ఆ తర్వాత చాలాసేపటికి, "తలుపులు పెరికేసినాక తీసినాడు నాయనా. ముందే తీసింటే ఏమి పోయె," అంది.

నాన్నగారు ఎందుకు కడిగించలేదో నాకు అప్పుడు కొంత అర్థమైనట్టయింది. ఇల్లు నిలబడి ఉన్నప్పుడు దానిని ఫోటో తీయాలని ఎవరికి తోస్తుంది? తోచేనాటికి అక్కడ ఉన్నది గోడ మాత్రమే. ఆంద్రే మిత్రులకు కూడా, ఎగిరే గరుడపక్షి ముందు నిలబడి దానివైపు అలా చూసే తీరిక చిక్కినది అది పడిపోయాకనే.

ఐదు బొమ్మలలో నాలుగింటిని ఆల్బములో పెట్టాను. మొండిగోడ బొమ్మ మేనత్త దగ్గర ఉంది. దేవుడి పటాల పక్కన పెట్టుకుంది. సాయంత్రం దీపం అక్కడే పెడుతున్నది.